అప్పగింతల దగ్గరే ఆగిపోతున్న డీవీడీలు

ప్రశ్న: నేను రిటైరైన టీచర్‌ని. మా పెళ్లి 1994లో జరిగింది. ఆ వీడియో క్యాసెట్టునూ, మా ఆడపడుచు పెళ్లి క్యాసెట్టునూ ఈమధ్య కోఠీలో కంప్యూటర్ ఫైళ్లుగా మార్పించాను. ఒక్కొక్కటి మూడు గంటలు ఉంటుంది. డీవీడీలు చేసి ఖమ్మంలో ఉన్న అన్నయ్యకు, వరంగల్‌లో ఉన్న ఆడపడుచుకు ఇవ్వాలని ఆశ. వాళ్ల ఇళ్లలో ఇంకా పాత డీవీడీ ప్లేయర్లే ఉన్నాయి. యూఎస్‌బీకి తగిలించే రైటర్ ఒకటి, 50 డిస్కుల డబ్బా ఒకటి కొన్నాను. ఇప్పటికి 11 డిస్కులు పాడయ్యాయి. కొన్ని మొదట్లోనే ‘పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్’ అని ఆగిపోయాయి. కొన్నిసార్లు సగంలో రైటరే కంప్యూటర్‌లో కనిపించకుండా పోతోంది. ఫైలును నేరుగా లాగి వేసిన ఒక డిస్కు నా కంప్యూటర్‌లో చక్కగా ఆడింది, అన్నయ్య ప్లేయర్‌లో పెడితే మాత్రం డిస్కే లేదంటోంది. తరువాత పక్కింటి అబ్బాయి ఏదో సాఫ్ట్‌వేర్ వేసి ఇంకొకటి చేసిపెట్టాడు. అది అంతా బాగానే ఆడి, సరిగ్గా అప్పగింతల దగ్గర బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి ఆగిపోయింది. రైటర్ మార్చమని దుకాణంలో అంటున్నారు. మార్చాలా? అమెరికాలో ఉన్న మా అబ్బాయికి కూడా ఒక సెట్టు పంపాలని ఉంది.

– ఒక పాఠకురాలు, నల్లకుంట, హైదరాబాద్

జవాబు: రైటర్ ఇప్పుడే మార్చకండి. మీ ఉత్తరంలో ఒకే ఫిర్యాదులా కనిపిస్తున్నది నిజానికి నాలుగు ఫిర్యాదులు. వాటిలో రెండింటికి రైటర్‌తో దాదాపు సంబంధం లేదు. ఎంత ఖరీదైనది కొన్నా అవి అలాగే ఉంటాయి. మిగిలిన రెండింటిలోనూ రైటర్‌ను అనుమానించవలసింది అన్నిటికంటే చివరన. దుకాణంవారిని తప్పుపట్టను. వారు అమ్మేది రైటర్లు, కాబట్టి వారికి మొదట గుర్తొచ్చేదీ అదే.

డిస్కు పాడైనప్పుడు అది ఎక్కడ ఆగిందన్నదే మనకు దొరికే మంచి ఆధారం. మొదట్లోనే ఆగిందా, నడుమనా, చివరనా, లేక అంతా సవ్యంగా అయ్యాక వేరే ఇంట్లో మొండికేసిందా? చాలామంది ‘ఎర్రర్ వచ్చింది’ అని రాసి వదిలేస్తారు. మీరు అప్పగింతల దాకా చెప్పారు, అందువల్ల నా పని సులువైంది.

సగంలో రైటర్ మాయమవడాన్ని ముందుగా సరిచేద్దాం. దీనికి పైసా ఖర్చు లేదు, పైగా మిగతా ఇబ్బందుల్లో కొన్నిటికి మూలం కూడా ఇదే కావచ్చు. మీరు కొన్నలాంటి పలుచని రైటర్‌కు గోడ ప్లగ్గు ఉండదు. దానికి కావలసిన కరెంటంతా యూఎస్‌బీ తీగలోంచే రావాలి. డిస్కును చదవడానికి లేజర్‌కు కొద్దిపాటి శక్తి చాలు. రాసేటప్పుడు మాత్రం అదే లేజర్ డిస్కు లోపలి రంగు పొరను వేడిచేసి మార్చాలి. ఆ సమయంలో మోటారు కూడా జోరుగా తిరుగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీఆంపియర్ల వరకే ఇవ్వాలన్నది నియమం. తరచుగా లోపల నీలం రంగుతో ఉండే 3.0 పోర్టుకు ఆ హద్దు 900. మీ రైటర్ అడుగున అంటించిన లేబుల్ చూడండి. చాలా వాటి మీద 5 వోల్టుల పక్కన ఒక ఆంపియరో, ఇంకాస్త ఎక్కువో రాసి ఉంటుంది. సినిమా చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉన్న రైటర్, రాయడం మొదలుపెట్టాక చెప్పాపెట్టకుండా మాయమయ్యేది ఈ కొరత వల్లనే.

డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందువైపు పోర్టులను వదిలేసి, వెనుక నేరుగా మదర్‌బోర్డు మీద ఉండే పోర్టుకు తగిలించండి. ముందు పోర్టులకు కరెంటు లోపలి సన్నని తీగల గుండా చుట్టూ తిరిగి వస్తుంది. నాలుగైదు పరికరాలు పంచుకునే యూఎస్‌బీ హబ్ అసలే వద్దు, పొడిగింపు తీగ కూడా వద్దు. రైటర్‌తో పాటు రెండు మూతులున్న తీగ ఇచ్చి ఉంటే రెండూ తగిలించాలి. రెండోది అలంకారానికి ఇవ్వలేదు. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. క్యాసెట్టు ఫైలు పెన్‌డ్రైవ్‌లోనో, బయటి హార్డ్‌డిస్కులోనో ఉంటే దాన్ని ముందుగా కంప్యూటర్ లోపలికి కాపీ చేసుకుని, ఆ పరికరాన్ని తీసేశాకే రాయడం మొదలుపెట్టండి. కంప్యూటర్ కాసేపటికి నిద్రలోకి జారుకునే సెట్టింగు ఉంటే ఆ పూటకు ఆపేయండి. ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని వీధిలో ఉంటే, యూపీఎస్ లేకుండా డిస్కు రాయడం ఒక బ్లాంకు డిస్కును పందెం కాయడమే.

రైట్ అవుతున్నంతసేపూ ఎవరినీ మౌస్ ముట్టుకోనివ్వని రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అప్పట్లో కంప్యూటర్ ఒక్క క్షణం తడబడి, అందించే సమాచారం తెగితే డిస్కు వృథా. 2000 సంవత్సరంలో శాన్యో సంస్థ ‘బర్న్ ప్రూఫ్’ అనే ఏర్పాటు తెచ్చింది. సమాచారం ఆగితే లేజర్ కూడా ఆగి, తిరిగి అందాక ఆగినచోటి నుంచే రాస్తుంది. ఆ తరువాత వచ్చిన రైటర్లన్నిటిలో ఇలాంటిదేదో ఒకటి ఉంటుంది. కాబట్టి మౌస్ ముట్టుకోవచ్చు.

ఇక పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్. పేరు చూసి కరెంటు సమస్య అనుకోకండి, అది ఒక్కోసారి మాత్రమే కారణం. ప్రతి డిస్కులోనూ కేంద్రానికి దగ్గరగా, మన సమాచారం మొదలయ్యే చోటికి ఇంకా లోపల, ఒక చిన్న వలయం ప్రయోగాల కోసం కేటాయించి ఉంటుంది. పులుసులో ఉప్పు సరిపోయిందో లేదో చుక్క అరచేతిలో వేసుకుని చూసినట్టు, రైటర్ అక్కడ రకరకాల తీవ్రతలతో కొద్దికొద్దిగా రాసి, చదువుకుని, ఈ డిస్కు రంగుకు లేజర్ ఎంత వేడి ఇవ్వాలో తేల్చుకుంటుంది. ఏ తీవ్రతా కుదరకపోతే చేతులెత్తేస్తుంది. మీరు చూసిన సందేశం అదే. రంగు పొర నాసిరకమో, పాతబడిందో అయి ఉండాలి. లేదా లేజర్ ముందున్న కటకం మీద దుమ్ము పట్టి ఉండాలి. ఈ రెండూ కాకపోతేనే లేజర్ నీరసించిందనుకోవాలి.

నా అనుమానం డిస్కుల మీదే. కారణం ఏమిటంటే, ఈ సరుకుకు ఇప్పుడు తయారీదారులు తగ్గిపోయారు. ఒకప్పుడు మన దేశంలో ఇంటింటా కనిపించిన మోజర్ బేర్ 2018లో లిక్విడేషన్‌కు, అంటే ఆస్తులు అమ్మి మూసేసే దశకు, వెళ్లింది. ఆ పేరుతో మీ అల్మరాలో ఇంకా బ్లాంకు డిస్కులుంటే అవి పాతకాలపువే. వెర్బాటిమ్ పేరును తైవాన్‌కు చెందిన సీఎంసీ మాగ్నెటిక్స్ కొనుక్కుంది. సోనీ అయితే రాయడానికి వీలైన బ్లూరే డిస్కుల తయారీని 2025 ఫిబ్రవరిలో ఆపేసింది. డబ్బా మీద ఒక పేరు, లోపల సరుకు వేరే కర్మాగారానిది కావడం ఈ వ్యాపారంలో మామూలే. రాయని డిస్కు కూడా ముసలిదవుతుంది. సాధారణంగా చెప్పే ఆయుష్షు 5 నుంచి 10 ఏళ్లు. అదీ చల్లగా, పొడిగా ఉంచితే. వేడి గోదాములో పడి ఉన్న డబ్బాకు ఆ లెక్క వర్తించదు.

తేల్చుకునే పద్ధతి తేలిక. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు, అంటే అందరూ సీటీసీ అనే చోటికి వెళ్లి, మీ డబ్బా కొన్న దుకాణంలో కాకుండా మరోచోట, వేరే కంపెనీ డిస్కులు రెండో మూడో విడిగా అడగండి. డీవీడీ మైనస్ ఆర్ రకం తీసుకోండి. మరీ పాత ప్లేయర్లు ప్లస్ ఆర్ కంటే దానితోనే బాగా కుదురుతాయి. ఆ కొత్త డిస్కులు రాసుకుంటే దోషం మీ డబ్బాది. మిగిలిన 39 డిస్కులను వెనక్కిచ్చేయండి, తీసుకోకపోతే వదిలేయండి. వాటితో కుస్తీ పట్టడం కంటే అదే చవక. ఇకముందు 50 డిస్కుల డబ్బా కొనవద్దు. ఐదు కొని, రెండు రాసి చూసి, నచ్చితే మరికొన్ని కొనండి. డబ్బాలోంచి తీసిన డిస్కును ట్యూబ్‌లైటు వైపు ఎత్తి చూడటం కూడా మంచి అలవాటు. సూదిమొన రంధ్రాల్లా వెలుగు చుక్కలు కనిపించినా, అంచున రంగు మరకలుగా ఉన్నా దాన్ని పక్కన పెట్టండి.

కొత్త డిస్కులకూ అదే ఎర్రర్ వస్తే కటకం తుడవాలి. బల్ల లాంటి ట్రే బయటికి వచ్చే పలుచని రైటర్లలో ఒక సౌకర్యం ఉంది. చిన్న గాజు కన్ను ట్రేతో పాటే బయటికి వస్తుంది. తీగ తీసేసి, మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో దూది పుల్ల కొస ముంచి, పిండేసి, ఆ కంటిని ఒత్తిడి లేకుండా ఒక్కసారి తాకించి తుడవండి. ఆరాక వాడండి. నోటితో ఊదకండి, దుమ్ము పోయి తుంపరలు చేరతాయి. బ్రష్షు అతికించిన ‘లెన్స్ క్లీనర్’ డిస్కులను నేను సిఫారసు చేయను. తిరిగే బ్రష్షు కటకాన్ని ఎంత గట్టిగా రాస్తుందో మన చేతిలో ఉండదు. తుడిచాక కూడా ఫలితం లేకపోతే రైటర్‌ను పక్కింటివారి కంప్యూటర్‌కు తగిలించి, మంచి డిస్కుతో చూడండి. అక్కడా అదే ఎర్రర్ వస్తే అప్పుడు దుకాణంవారి మాట నిజమైనట్టు. వారంటీ కాగితం తీసుకుని వెళ్లండి.

అన్నయ్య ప్లేయర్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ ఎవరూ చెడిపోలేదు. మీరు ఫైలును లాగి డిస్కులో వేసినప్పుడు విండోస్ ఒక ప్రశ్న అడిగి ఉంటుంది: ఈ డిస్కును యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్‌లా వాడతారా, లేక సీడీ, డీవీడీ ప్లేయర్‌తో వాడతారా అని. మొదటిది ఎంచుకుంటే కంప్యూటర్లు మాత్రమే హాయిగా చదివే అమరికతో డిస్కు తయారవుతుంది. రెండోది ఎంచుకున్నా మీ కష్టం తీరదు. ఆ మాటను చూసి ప్లేయర్‌లో ఆడుతుందని చాలామంది నమ్ముతారు, నమ్మడంలో వారి తప్పూ లేదు. కానీ అది డిస్కు అమరికను మార్చుతుందే తప్ప వీడియోను మార్చదు. మీ దగ్గర ఉన్నది బహుశా ఎంపీ4 ఫైలు. పాత ప్లేయర్‌కు అర్థమయ్యేది డీవీడీ వీడియో పద్ధతి ఒక్కటే. అంటే ఎంపెగ్-2 రూపంలోకి మార్చిన వీడియో, మన దేశంలో డీవీడీలకు వాడే పాల్ పద్ధతిలో 720×576 చుక్కలు, సెకనుకు 25 బొమ్మలు, ఇవన్నీ వీడియో_టీఎస్ అనే ఫోల్డరులో నిర్ణీత పేర్లతో ఉండాలి. ఇంకో షరతు కూడా ఉంది. రాయడం అయ్యాక డిస్కును ఫైనలైజ్ చేయాలి, అంటే ‘ఇక ఇందులో చేర్చేదేమీ లేదు’ అని ముద్ర వేసి మూసేయాలి. మూయని డిస్కును రాసిన కంప్యూటర్ చదువుతుంది కానీ, చాలా ప్లేయర్లు దాన్ని డిస్కుగానే లెక్కచేయవు.

విండోస్ 7 వరకు ఈ పనికి డీవీడీ మేకర్ అనే పనిముట్టు అందులోనే ఉండేది. విండోస్ 8 నుంచి తీసేశారు. ఇప్పుడు ఉచితంగా దొరికేవాటిలో డీవీడీ స్టైలర్ బాగా పనికొస్తుంది. ఎక్కించుకునేటప్పుడు దాని సొంత వెబ్‌సైటు నుంచే తెచ్చుకోండి. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లకు అక్కరలేని ప్రకటనల ప్రోగ్రాములు అంటించి పంచే చోట్లు చాలా ఉన్నాయి. మొదలుపెట్టగానే అడిగే ప్రశ్నల్లో పాల్ అని, బొమ్మ ఆకారం 4:3 అని ఎంచుకోండి. క్యాసెట్టు కాలపు వీడియో అది, వెడల్పు ఎక్కువ పెడితే పెళ్లివారందరూ పొట్టిగా, లావుగా కనిపిస్తారు. పని జరుగుతున్నప్పుడు సీ డ్రైవ్‌లో 15 జీబీ అయినా ఖాళీ ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైన సలహా ఇక్కడ ఉంది: నేరుగా డిస్కు మీద రాయించకండి. డీవీడీ స్టైలర్‌లో చివర ఐఎస్‌ఓ ఫైలుగా తయారుచేయమనండి. అది డిస్కుకు అచ్చు లాంటి ఒకే పెద్ద ఫైలు. దాన్ని వీఎల్‌సీ అనే ఉచిత వీడియో ప్లేయర్‌లో తెరిచి, మొదలు, మధ్య, చివర చూడండి. మెనూ పనిచేస్తోందా, మాటలకూ పెదవులకూ పొంతన ఉందా గమనించండి. తప్పుంటే ఫైలు చెరిపేసి మళ్లీ చేయవచ్చు, ఒక్క డిస్కూ పోదు. నచ్చాక ఆ ఒక్క ఐఎస్‌ఓ నుంచే అన్నయ్యకూ ఆడపడుచుకూ ఎన్ని ప్రతులైనా తీయవచ్చు. మార్పిడి గంటల తరబడి సాగే పని, అది ఒక్కసారితో అయిపోతుంది.

అప్పగింతల దగ్గరికి వద్దాం. డీవీడీ మీద రాత కేంద్రం దగ్గర మొదలై బయటి అంచు వైపు సాగుతుంది. మీ పెళ్లిలో జీలకర్ర బెల్లం లోపలి వలయాల్లో, తలంబ్రాలు నడుమ, అప్పగింతలు చిట్టచివరి అంచు మీద పడ్డాయి. డిస్కులో బలహీనమైన చోటు అదే. రంగు పొర సమంగా పరుచుకోకపోవడం, డిస్కు కాస్త వంగి ఉండటం, తిరిగేటప్పుడు ఊగడం, ఇవన్నీ ఎక్కువగా కనిపించేది అంచునే. వేళ్లతో పట్టుకునేదీ అక్కడే. పైగా చాలా రైటర్లు పెట్టె మీద రాసుకునే గరిష్ఠ వేగాన్ని అందుకునేది కూడా అంచుకు చేరాకే. మూడు గంటల వీడియోను ఒకే డిస్కులో కుక్కితే అది అంచు దాకా నిండకుండా ఎలా ఉంటుంది?

కొలతల్లో కూడా ఒక తిరకాసు ఉంది. డిస్కు మీద 4.7 జీబీ అని ఉంటుంది, అంటే 470 కోట్ల బైట్లు. విండోస్ వెయ్యికి బదులు 1024 చొప్పున లెక్కిస్తుంది కాబట్టి దానికి అది 4.38 జీబీ మాత్రమే. 4.5 జీబీ ఫైలు పట్టలేదని ఫిర్యాదు చేసేవారు ఇక్కడే చిక్కుకుంటారు. మీరు విండోస్ లెక్కలో 4 జీబీ దాటకుండా ఆపండి, అంచున కాస్త జాగా ఖాళీగా వదిలేయండి. మూడు గంటల పెళ్లిని రెండు డిస్కులు చేయండి. క్యాసెట్టు వీడియోలో గింజగింజలుగా కనిపించే మసక ఉంటుంది, దాన్ని గట్టిగా కుదిస్తే ముఖాలు చెదురుతాయి. రెండు డిస్కులకు పంచితే ఒక్కోదానికి గంటన్నర, బొమ్మ నాణ్యత కూడా పెరుగుతుంది. ఎక్కడ విడదీయాలో మీకే బాగా తెలుసు. మంగళసూత్రధారణ నడుమ మాత్రం తుంచకండి.

వేగం గురించి. ఎంత నెమ్మదిగా రాస్తే అంత మంచిదన్న మాట మన దుకాణాల్లో వేదవాక్కులా చెలామణి అవుతోంది. సీడీల తొలి రోజుల్లో అందులో నిజం ఉండేది. ఇప్పటి డిస్కుల రంగు 8 రెట్లు (8x), 16 రెట్ల (16x) వేగాలకు తగినట్టు తయారవుతుంది. మరీ నిదానంగా రాస్తే కొన్నిసార్లు ఫలితం దిగజారుతుంది. మీ రైటర్ గరిష్ఠం 8 రెట్లు అయి ఉంటుంది, 4 రెట్లు పెట్టండి. నిండు డిస్కుకు దాదాపు పావుగంట పడుతుంది. ఐఎస్‌ఓ ఫైలు మీద కుడి క్లిక్ చేస్తే విండోస్ స్వయంగా రాసిపెడుతుంది కానీ, అక్కడ వేగం మన చేతిలో ఉండదు. ఇమ్‌గ్‌బర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఆ వీలుంది. దేనితో రాసినా ‘వెరిఫై’ అన్న గడిలో టిక్కు పెట్టడం మరవకండి. రాత పూర్తయిందని కంప్యూటర్ చెప్పే మాటకు అర్థం లేజర్ తన పని చేసిందని మాత్రమే. అక్కడ పడినది తిరిగి చదవగలుగుతున్నామా అన్నది వెరిఫై చేస్తేనే తెలుస్తుంది. పక్కింటి అబ్బాయి ఆ టిక్కు పెట్టి ఉంటే మీ అప్పగింతల గొడవ అప్పుడే బయటపడేది.

మొదటి ప్రతిని ఎవరికీ పంపకముందు ఎవరి ఇంట్లోనైనా పాత ప్లేయర్‌లో చివరి పది నిమిషాలు ఆడించి చూడండి. రాసిన రైటర్ తన రాతను తాను ఎలాగో చదివేసుకుంటుంది, పరాయి ప్లేయర్‌కు అంత ఓపిక ఉండదు. ఈ ప్రయత్నాల్లో ఒక నియమం పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చండి. పోర్టు మార్చిన రోజే డిస్కూ వేగమూ కూడా మార్చేస్తే, బాగుపడినా దేనివల్ల బాగుపడిందో తెలియదు. పాడైన డిస్కు మీద మార్కరుతో ఏ పోర్టు, ఏ వేగం, ఎక్కడ ఆగింది అని రాసి పెట్టుకోండి. బాల్‌పెన్ను వాడకండి. పెళ్లి బొమ్మతో కాగితం స్టిక్కరు అంటించాలని సరదాగా ఉంటుంది కానీ, అది డిస్కు సమతూకాన్ని చెడగొడుతుంది, వేడికి ముడుచుకుపోతుంది. ఆ బొమ్మను డబ్బా అట్ట మీద పెట్టండి. మే నెలలో ఖమ్మం వెళుతుంటే డిస్కులను కారు వెనుక అద్దం దగ్గర ఎండలో వదలకండి.

కోఠీలో ఇచ్చిన అసలు ఫైళ్లను మాత్రం డీవీడీలు అయ్యాయి కదా అని చెరిపేయవద్దు. డీవీడీ కోసం కుదించినది ఎప్పటికీ అసలు కంటే తక్కువే. రెండు వేర్వేరు హార్డ్‌డిస్కుల్లో ఉంచండి, ఒకటి మీ ఇంట్లో కాకుండా ఇంకొకరి ఇంట్లో. క్యాసెట్టులనూ పారేయకండి.

అమెరికాలో ఉన్న మీ అబ్బాయికి డిస్కు పంపవద్దు. అక్కడి డీవీడీల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ, మన పాల్ డిస్కును అక్కడి ప్లేయర్లు చాలావరకు ఆడించవు. అతని ఇంట్లో ప్లేయర్ ఉంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు. అసలు ఎంపీ4 ఫైలునే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపండి. మీ అబ్బాయి పేరుకు మాత్రమే అనుమతి ఇవ్వండి, లింకు ఉన్న అందరికీ తెరిచి ఉంచకండి. ఉచితంగా వచ్చే 15 జీబీలో మీ మెయిళ్లు, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి కాబట్టి ముందు ఎంత ఖాళీ ఉందో చూసుకోండి. రెండు పెళ్లిళ్లూ ఒకేసారి పట్టకపోతే ముందు మీది పంపి, అతను దించుకున్నాక చెరిపేసి ఆడపడుచుది పెట్టండి.